చలికాలపు వ్రాతలలో మంచు

మార్గశిరము ప్రవేశించిన నాటి నుండి సంక్రాంతి దాటువరకు తెలుగు పత్రికలలో ఏటేట ఒకే తీరు వార్తలు కనబడుచుండును. లంబసింగిలో మంచు కురిసినదనియు, హార్సిలీ కొండలు మంచు దుప్పటి కప్పుకొన్నవనియు, మదనపల్లె, పుంగనూరు దారులలో మంచువానకు బండ్లు నిలిచిపోయినవనియు వ్రాయుదురు. ఒక ఊరికి ఆంధ్రా కాశ్మీరమని బిరుదు, మరియొక కొండకు ఆంధ్రా ఊటీ యని బిరుదు. ప్రక్కనే తెల్లని పొగలో మునిగిన చెట్ల చిత్రము. సదుం వంటి ఊరిలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడు ఈ వార్తలోని మంచును, హిమాలయములపై మంచు కురియునను పాఠములోని మంచును, తెల్లవారి పొలముగట్టున గడ్డిపై తాను చూచిన మంచును ఒక్కటే యనుకొనుటలో ఆశ్చర్యమేమున్నది? మూడింటికిని మాట ఒక్కటే. అతనికి చదువు చెప్పు ఉపాధ్యాయుడును ఆ మాటనే వాడును.

ఇట్టి వ్రాతలలో రెండు అరువులు కలవు. ఒకటి మాటకు సంబంధించినది, రెండవది సుఖమునకు సంబంధించినది. చలికాలమనగానే తెల్లని మంచు రాలవలెననియు, కిటికీ వెలుపల ఆ తెల్లదనముపై ఒక ఎఱ్ఱరొమ్ము పిట్ట వ్రాలవలెననియు, లోపల నిప్పు ప్రక్కన కూర్చుండి వేడివేడి పానీయము త్రాగుచు దానిని చూడవలెననియు ఒక చిత్రము శీతల దేశముల పుస్తకముల నుండి మన బాలల వాచకములలోనికి, శుభాకాంక్షల కార్డులలోనికి, అచ్చటి నుండి పత్రికల ప్రత్యేక సంచికలలోనికి వచ్చి చేరినది. చిత్రము అందమైనదే. ఇంగ్లండులో అది నిజమును కూడ. దానిని తెచ్చి సదుమునకు అతికించుటలోనే చిక్కున్నది. ముందు మాట సంగతి చూచి, పిదప సుఖము సంగతికి రావచ్చును.

తెలుగులో మంచు అను మాట కనీసము ఐదు వస్తువులకు చెల్లుచున్నది. రాత్రివేళ గడ్డిపై ఏర్పడు నీటిబొట్లు మంచు. నేలనంటి కమ్ముకొను సన్నని తుంపరల మేఘము మంచు; జాగ్రత్తగా మాటలాడువారు దీనిని పొగమంచు అందురు. గాలిలోని నీటి ఆవిరి నీరు కాకుండనే గడ్డిపై తెల్లని సూదులవలె గడ్డకట్టినను మంచే. శాస్త్రగ్రంథములలో దీనికి తుషారమని పేరు. మేఘములో స్ఫటికములుగా పుట్టి నేలకు దిగునది హిమము, అదియు మంచే. పెండ్లి విందులకు గోనెలలో చుట్టి తెచ్చు గడ్డయు మంచే. ఆరవదానిని కూడ చేర్చవలెనన్న, పుంగనూరు, కుప్పం ప్రాంతముల మామిడి రైతులనడిగిన చాలును. పూతకాలమున ఆకులపై మెరయు తేనెమంచు నిజమునకు ఒక చిన్న పురుగు విసర్జించు తీపి ద్రవము. చలితో దానికి చుట్టరికము పేరులో తప్ప వేరెచ్చటను లేదు.

ఈ కలగాపులగము తెలుగు వారొక్కరే చేసినది కాదు. అమరకోశము తుహినము, నీహారము, హిమము, తుషారము మొదలగు ఏడు పదములను ఒకే వరుసలో పర్యాయపదములుగా చెప్పినది. కంటికి తెల్లగను చేతికి చల్లగను తోచినదెల్ల ఒకే కుటుంబమని భావించిన నిఘంటుకర్తను తప్పుపట్టనక్కర లేదు. కాని భౌతికశాస్త్రము బోధించువానికి ఆ వెసులుబాటు లేదు. ఇవి ఏర్పడు విధములు వేరు, ఏర్పడుటకు కావలసిన ఉష్ణోగ్రతలు వేరు, పైరుకును పక్షికిని ఇవి చేయు మేలుకీడులు వేరు.

నామవాచకము కన్న క్రియ ఎక్కువ హాని చేయుచున్నది. గడ్డిపై మంచు “కురిసిన”దని అందరును అందురు. అది ఎచ్చటి నుండియు కురియదు. పగటి తేమ రాత్రి పైనుండి దిగివచ్చునని అరిస్టాటిలు కాలము నుండి పండితులు నమ్మిరి. ఈ విషయమును ప్రయోగములతో తేల్చినవాడు విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడు. ఆయన తూచిన ఉన్ని కుచ్చులను రాత్రులయందు ఆరుబయట వేర్వేరు చోట్ల నుంచి, తెల్లవారి మరల తూచి, ఎచ్చట ఎంత నీరు చేరినదో కనుగొనెను. ఆకాశము విప్పారి కనబడు చోట ఉంచిన కుచ్చు బాగుగ బరువెక్కెను. ఒక పలకకు పైన ఉంచినదానికన్న క్రింద ఉంచినది చాల తక్కువ బరువెక్కెను. రాత్రి నేలయు గడ్డియు తమ ఉష్ణమును ఆకాశములోనికి వికిరణము చేసి, చుట్టునున్న గాలి కన్న చల్లబడును. ఆ చల్లని తలమును తాకిన గాలిలోని ఆవిరి అక్కడికక్కడే నీరగును. 1814లో ఆయన ఈ సంగతులను గ్రంథముగా ప్రకటించెను. రెండు వందల సంవత్సరములు దాటినను మన వాక్యములలో మంచు ఇంకను కురియుచునే ఉన్నది.

ఇంకొక చిన్న సంగతి. తెల్లవారి వరిపోచల కొసలను, టమాటా ఆకుల అంచులను ముత్యములవలె వరుసగా నిలిచియుండు పెద్ద బొట్లను చూచి కవులు మంచుముత్యములని మురియుదురు. అందు చాల భాగము మంచు కాదు. వేళ్ళు పీల్చిన నీరు రాత్రి ఆవిరి కాలేక ఆకు అంచునగల రంధ్రముల గుండ బొట్టుగా వెలువడును. దీనిని బిందుస్రావమందురు. ఆకు నడుమ పరచుకొనిన సన్నని తేమ మంచు. అంచున క్రమముగా నిలిచిన బొట్లు మొక్క తానుగా విడిచినవి. ఈ భేదమును చూచుటకు పరికరమేమియు అక్కరలేదు, ఉదయము ఆరు గంటలకు లేచిన చాలును.

ఇక హిమము. సదుములోగాని, హార్సిలీ కొండపైగాని హిమము కురియునా? దీనికి సమాధానము ఆశ కాదు, లెక్క. మదనపల్లె పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. పూర్వము ఏనుగు మల్లమ్మ కొండ యని పిలువబడిన హార్సిలీ కొండ ఎత్తు సుమారు 1,260 మీటర్లు. ఈ అక్షాంశములలో శీతకాలమున కూడ గాలి ఉష్ణోగ్రత సున్న డిగ్రీలకు చేరు మట్టము సగటున నాలుగున్నర కిలోమీటర్లకు పైననే ఉండును. దక్షిణ భారతమున అన్నిటికన్న ఎత్తైన ఆనముడి శిఖరమే 2,695 మీటర్లు. మేఘములో పుట్టిన హిమస్ఫటికము ఆ మట్టమును దాటి, అంతకంతకు వేడి యగు గాలిలో రెండు మూడు కిలోమీటర్లు పడినపిమ్మట హిమముగా మిగులదు. తమాషా యేమనగా, పెద్ద మేఘముల నుండి సదుములో పడు వానలో కొంత భాగము పైన హిమముగానే పుట్టినది. దారిలో కరగి వానయైనది. సదుం బాలునికి హిమపాతము ప్రాప్తించినట్లే, నాలుగు కిలోమీటర్లు ఆలస్యముగా!

రాత్రి చలి యెంత ముదిరినను ఈ స్థితి మారకపోవుటకు మరియొక కారణము కలదు. ఇది పాఠ్యపుస్తకములలో చాలినంతగా వివరింపబడుట లేదు. మదనపల్లె వద్ద ఆరోగ్యవరములోని వాతావరణ కేంద్రమున డిసెంబరు, జనవరి నెలలలో పాదరసము బాగుగ దిగిన రాత్రులను పరిశీలించిన, అవి సాధారణముగా మేఘము లేని, గాలి వీయని రాత్రులై యుండును. నేల విడిచిన ఉష్ణము అడ్డు లేకుండ పైకి పోవుటవలననే ఆ చలి. మేఘము వచ్చెనా, అది నేల విడిచిన ఉష్ణములో చాల భాగమును మరల నేలకు పంపును, రాత్రి వెచ్చబడును. నవంబరు, డిసెంబరు నెలలలో బంగాళాఖాతపు వాయుగుండములు మబ్బులు తెచ్చినపుడు పగలు చలిగా తోచినను, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత పడదు. కావున ఈ ప్రాంతమున చలి ఉన్న రాత్రి మేఘము లేదు, మేఘము ఉన్న రాత్రి అంత చలి లేదు. హిమమునకు రెండును ఒక్కచోట, ఒక్కసారి కావలెను.

గడ్డిపై ఏర్పడు మంచు సయితము చలికి పగ్గము వేయును. ఆవిరి నీరగునపుడు దాచియున్న గుప్తోష్ణమును విడుచును. ఒక్కొక్క గ్రాము నీటికి సుమారు 590 కెలోరీలు. గాలి తన తుషారబిందువునకు, అనగా ఆవిరి నీరు కాదొడగు ఉష్ణోగ్రతకు, దిగినంతనే ఈ ఉష్ణము వెలువడి ఆపై చల్లబడుటను మందగింపజేయును. ఇచ్చట మరల పరిభాష ఎంత తికమక పెట్టుచున్నదో గమనింపదగును: తుషారమనగా గడ్డకట్టినదని యొక పుటలో చెప్పి, తుషారబిందువనగా నీరగు ఉష్ణోగ్రతయని మరియొక పుటలో చెప్పిన విద్యార్థి ఏమి గ్రహించును? పరిభాషను కూర్చినవారు కష్టపడినవారే. కాని ఈ రెండు పదములను ఎదురెదురుగా ఉంచి చూచినట్లు తోచదు.

ఎత్తుకు పోయినకొలది చలి హెచ్చునను సూత్రమును కూడ కొంచెము సడలించి చెప్పవలసియున్నది. గాలి నిలిచిపోయిన రాత్రులలో కొండవాలుల మీది గాలి చల్లబడి, బరువెక్కి, నీటివలె జారి లోయలలో చేరును. అప్పుడు లోయ చల్లగను, దానిపై కొంత ఎత్తున ఉన్న చోటు వెచ్చగను ఉండును. ఇంగ్లండులోని సెల్బోర్న్ గ్రామ మతగురువు గిల్బర్ట్ వైట్ 1784 డిసెంబరులోని మహాశీతమునందు ఉష్ణమాపకములతో కొలిచి, తన ఊరి కన్న ఎత్తున ఉన్న పొరుగూరిలో చలి తక్కువగా నుండుటకు విస్తుపోయెను. ఆయన పరికరములలో ఒకదాని మీది గీతలు ఆ చలికి చాలక, పాదరసము కనబడకుండ పోయెనట! ఆయన పుస్తకము 1789లో వెలువడినది. సదుం చుట్టుపట్ల గుట్టలెక్కి తెల్లవారి క్రిందికి చూచిన వారికి లోయలో పాలపొంగువలె నిలిచిన పొగమంచు కనబడును. గుట్టపైన ఎండ కాయుచుండును. పత్రికలో “మంచు దుప్పటి” అను చిత్రము సాధారణముగా ఇదే. ఇది హిమము కాదనుటచే దాని సొగసు తరుగదు. ఇంత చక్కని భౌతికశాస్త్ర పాఠమును దుప్పటి యని పేరు పెట్టి కప్పివేయుటయే విచారకరము.

అట్లని లంబసింగి వార్తలన్నియు కట్టుకథలని త్రోసివేయరాదు. సుమారు వేయి మీటర్ల ఎత్తునగల ఆ ప్రాంతమున ఉష్ణోగ్రత బాగుగ పడిపోవు రాత్రులు కలవు. ఉష్ణమాపకము నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టెలో ఉండును. గడ్డి అంతకన్న నాలుగైదు డిగ్రీలు చల్లబడవచ్చును. కావున గాలి మూడు నాలుగు డిగ్రీల వద్ద ఉండగా గడ్డిపై తెల్లని తుషారము కట్టుట సాధ్యమే. ఊటీ, మున్నారులలో శీతకాలమున ఇట్లే జరుగును, తేయాకు మాడిపోవును. అది నిజమైన గడ్డకట్టుటయే. ఐనను ఆకాశము నుండి పడినది కాదు. మరియొక వైపు, ఆకాశము నుండి నిజముగా మంచుగడ్డ పడు సందర్భము తెలుగు దేశమున చలికాలమున కన్న వేసవి ఆరంభమున ఎక్కువ. 2023 మార్చిలో వికారాబాదు జిల్లా మర్పల్లి ప్రాంతమున వడగండ్లు పడి చేలు, దారులు తెల్లబారినపుడు కాశ్మీరమను మాట మరల అచ్చెక్కినది. పైరు పోగొట్టుకొన్న రైతునకు ఆ ఉపమానము ఎట్లు వినబడినదో వ్రాసినవారు యోచించినట్లు లేదు.

రైతు మాట వచ్చినది గనుక, ఈ పదముల తగవు పండితుల ముచ్చట మాత్రమే యనుకొనువారికి మదనపల్లె టమాటా తోటలను చూపవచ్చును. దేశమున పెద్ద టమాటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. సదుం, సోమల, పుంగనూరు పొలములలో టమాటా వేయని రైతు అరుదు. టమాటా ఆకుమాడు తెగుళ్ళను కలిగించు శిలీంధ్ర జాతులకు ఆకుపై నీరు ఎన్ని గంటలు నిలిచెనన్నదే ముఖ్యము. ఐర్లండులో 1845 మొదలు బంగాళాదుంప పైరును నాశనము చేసిన సూక్ష్మజీవియే టమాటాకును సోకును. చల్లదనము, తడి రెండును దానికి ప్రీతి. ఇప్పుడు “రేపు మంచు పడును” అను సూచన విని రైతు ఏమి చేయవలెను? గడ్డిపై ఏర్పడు మంచైనచో సూర్యోదయమైన కొంతసేపటికి ఆరిపోవును. పొగమంచైనచో ఎండను అడ్డగించి, పది గంటల వరకు ఆకును తడిగా నుంచును. మందు చల్లుట, చల్లకపోవుట, దాని ఖర్చు, ఈ భేదముపై ఆధారపడియున్నవి. మీటలు నొక్కిన చేతిలోనే వాతావరణ సూచన కనబడు ఈ కాలమున, తెలుగు సూచనలో ఒక్క అక్షరభేదమైనను లేకుండ అన్నిటికిని మంచు అనుట న్యాయము కాదు. కిలోమీటరు దూరములోని వస్తువు కనబడనిచో పొగమంచనియు, అంతకన్న దూరము చూడగలిగినచో పలుచని మంచుతెర యనియు వాతావరణ శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుదురు. పొలము చివరి తాటిచెట్టును గుర్తుగా పెట్టుకొని ఏ రైతైనను ఇట్టి కొలత చేయగలడు.

ఇక రెండవ అరువు, సుఖము.

హిమము కురిసిన ఉదయమున పక్షులను చూచుట గొప్ప ఆనందమని శీతల దేశముల రచయితలు వ్రాసినది అతిశయోక్తి కాదు. తెల్లని నేలపై ప్రతి పిట్టయు స్పష్టముగా కనబడును. శబ్దములను మెత్తని హిమము మింగివేయుటచే వాని కూతలు విడివిడిగా వినబడును. అన్నిటికన్న మిన్నగా, అవి మనుష్యుని దగ్గరకు వచ్చును. ఎందుకు వచ్చునన్న ప్రశ్నను మాత్రము ఆ వ్రాతలను అనుకరించిన మన రచయితలు వేసినట్లు కనబడదు. ఆకలిచే వచ్చును. గింజలు, పురుగులు, నేలపై పడిన పండ్లు హిమము క్రింద కప్పబడును. పక్షి శరీరము 40, 42 డిగ్రీల వేడి గలది. చిన్న పిట్ట శీతరాత్రి గడుచులోపల తన బరువులో పదింట ఒక వంతు వరకు కోల్పోవుట కలదు. తెల్లవారినంతనే తినవలెను, లేనిచో మరుసటి రాత్రి గడువదు. కిటికీ దగ్గరకు వచ్చిన పిట్ట చూపున కనబడు ధైర్యము నిజమునకు గత్యంతరము లేమి.

ఇందుకు తెలుగు వారెఱిగిన దృష్టాంతమే యొకటి కలదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగర పరిసరములలో తెలుగు కుటుంబములు పెద్ద సంఖ్యలో స్థిరపడియున్నవి. అచ్చట హిమము అరుదు. 2021 ఫిబ్రవరి నడుమ అసాధారణమైన హిమపాతము కలిగి, 16వ తేదీన డాలసు విమానాశ్రయమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీల వరకు పడినది. సరిగా ఆ దినములలోనే, 12 మొదలు 15వ తేదీ వరకు, ప్రపంచమంతట పెరటి పక్షుల లెక్కింపు జరుగుచుండెను. పిల్లలు హిమముతో బొమ్మలు చేసిరి. గింజలుంచిన పళ్ళెముల చుట్టు పిట్టలు మూగినవి. అదే వారమున నలుబది ఐదు లక్షలకు పైగా ఇండ్లకు విద్యుత్తు ఆగిపోయినది. ప్రభుత్వపు లెక్కననుసరించి 246 మంది మరణించిరి. దక్షిణ అమెరికా నుండి ముందుగా చేరిన ఊదావన్నె మార్టిన్ పిట్టలు, ఎగురు పురుగులే ఆహారమైనవి, తిండి లేక చచ్చినవి. ఆ వారమున పిట్టలను చూచి సంతోషించిన కుటుంబము తప్పు చేసినది కాదు. ఒక గుప్పెడు గింజలు వెలుపల చల్లుట ఆ సంతోషమునకు తగిన మూల్యమే. కాని హిమములోని పక్షిసుఖమును గూర్చి వ్రాయువాడు ఆకలిని విడిచి అందమునే తెచ్చుకొన్నచో, అది సగము చిత్రము.

సదుములో హిమము లేదు గనుక పక్షి ఆకలితో కిటికీ కడకు రాదు. ఇది ఆ ఊరి అదృష్టము. ఐతే చూడగోరువాడు తానే వెలుపలికి పోవలసియుండును. పోయినవానికి కనబడునదేమి? హిమమును తప్పించుకొని వచ్చిన వారే! హిమాలయముల యొక్కయు, అంతకు ఉత్తరముననున్న దేశముల యొక్కయు హిమము ఏ పక్షులను తరిమినదో ఆ పక్షులలో కొన్ని సదుం చింతచెట్లపై, చెరువు గట్లపై చలికాలము గడుపుచున్నవి. గ్రీనిష్ వార్బ్లరు అను పిట్ట ఏడెనిమిది గ్రాములకు మించదు. పచ్చఛాయ గల వీపు, కంటిపై లేతగీత తప్ప చెప్పుకొనదగిన సొగసేమియు లేదు. హిమాలయముల నుండి సైబీరియా వరకు గల అడవులలో గూడు పెట్టునట్టి ఈ జాతి సెప్టెంబరులో దక్షిణాదికి వచ్చి ఏప్రిలు వరకు ఉండును. ఆకుల నడుమ ఉండి “చిస్‌వీ” యని రెండక్షరములుగా రోజంతయు పలుకుచుండును. సదుం విద్యార్థి దానిని పుట్టినది మొదలు వినుచునే ఉండును; ఎవరును పేరు చెప్పకపోవుటచే వినినట్లు ఎఱుగడు.

కాలువ అంచున తోక పైకి క్రిందికి ఆడించుచు పరుగిడు, పసుపుపచ్చ పొట్టగల బూడిదవన్నె పిట్ట, అనగా గ్రే వాగ్‌టెయిల్, అటువంటి అతిథియే. బండలపై ఒంటరిగా నిలువున కూర్చుండు నీలిరంగు బండపిట్ట మరియొకటి. గులాబి గోరింకలు మధ్య ఆసియాలో మిడతల వెంట గూళ్ళు పెట్టి, ఇచ్చటికి గుంపులుగా వచ్చి, గింజ పైరులపైనను, మాఘ ఫాల్గుణములలో మోదుగ, బూరుగు పూలపైనను వ్రాలును. జొన్న తినును గనుక రైతుకు కిట్టదు. మిడతలను తినును గనుక మెచ్చుకొనవలెను. తొమ్మిది వన్నెల పొన్నంకి పిట్ట చెట్లక్రింది రాలుటాకులలో పురుగులేరుకొనుచు, ఉదయ సాయంసంధ్యలలో ఈలవేయును.

అతిథులే కాక గృహస్థులును కలరు. చలి ఉదయమున విద్యుత్తీగపై పిగిలిపిట్ట బంతివలె ఉబ్బి కూర్చుండును. దానిని చూచి లావెక్కెననుకొందురు. ఈకలను నిగిడించి నడుమ గాలిని బంధించుటయే అది. గాలి ఉష్ణమును సులభముగా పోనీయదు. రెండు పలుచని దుప్పట్లు ఒక మందపు దుప్పటికన్న వెచ్చగా నుండుటకు కారణమైన సూత్రమే ఇచ్చట పనిచేయుచున్నది. ఎండ తగిలిన కొంతసేపటికి పిట్ట సన్నబడును. చిన్న పిట్టలు తడి ఆకుల నడుమ దొర్లి, గడ్డిపైని మంచుతో సమానమైన ఆ తడిలోనే స్నానము చేయుట కూడ కన్నులపండువుగా నుండును. ఇక హార్సిలీ కొండల బండరాళ్ళ పొదలలో పసుపు గొంతు పిగిలిపిట్ట కలదు. దక్షిణ భారత ద్వీపకల్పములోని రాతిగుట్టలలో తప్ప లోకమున మరెచ్చటను లేని జాతి. అంతరించు ముప్పున్నదని గుర్తింపబడినది. కాశ్మీరమునకు పోయినను కనబడదు! ఈ కొండను మరియొక కొండతో పోల్చి పొగడువారు ఈ పిట్టను ఒక్కసారియైనను పేర్కొనకపోవుట చూచిన, పొగడ్త యెంత అజాగ్రత్తగా చేయబడుచున్నదో తెలియును.

ఈ విషయమున ఆదర్శము దూరమున లేదు. మదనపల్లెకు ఆవలనున్న ఋషివ్యాలీ విద్యాలయ ప్రాంగణము 1991లో పక్షి సంరక్షణ స్థలముగా ప్రకటింపబడినది. అచ్చటి పక్షులను గూర్చి ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ వ్రాసిన ఆంగ్లగ్రంథము 1993లో వెలువడినది. పక్షులతోపాటు వాని నివాసస్థలములను మరల పెంపొందించుట గూర్చియు చెప్పుట దాని ప్రత్యేకత. చెట్టు లేని గుట్టపై పక్షుల పట్టిక వ్రాయుటలో ప్రయోజనము స్వల్పమని ఆ రచయితలెఱుగుదురు. లోపమెక్కడనగా, ఇట్టి కృషి ఆంగ్లములోనే నిలిచిపోవుట. సలీం ఆలీ 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల పుస్తకము ఎన్నో ముద్రణలు పొందినను, తెలుగు ఉపాధ్యాయుడు పిట్టను చూచి పేరు చెప్పుటకు ఇంకను తడబడుచునే ఉన్నాడు. అంతకు పూర్వము నెల్లూరులో పనిచేసిన వైద్యుడు టి. సి. జెర్డన్, 1862–64లో వెలువడిన తన గ్రంథమున పక్షుల తెలుగు పేర్లను వేటగాండ్ర నోట విని ఆంగ్లాక్షరములలో వ్రాసెను. ఆ అక్షరముల నుండి ఆ పేర్లను మరల తెలుగులోనికి తెచ్చుకొనుట నేడు ఊహాపోహలతో కూడిన పని. పొన్నంకియా, పొన్నంగియా యని తగవులాడుటకన్న, సదుం, సోమల పల్లెలలోని ముసలివారిని ఇప్పుడే అడిగి వ్రాసికొనుట మేలు. పేరు తెలిసినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

పాఠ్యపుస్తక రచయితలు ఒక్క పుటను మార్చిన చాలును. మంచు కురిసినదను వాక్యము స్థానమున, గడ్డిపై మంచు ఏర్పడినది, పొగమంచు కమ్మినది, తుషారము కట్టినది, హిమము పడినది యని నాలుగు వాక్యములు వేసి, ఏది సదుములో చూడవచ్చునో, ఏది చూడరాదో చెప్పి, ఎందుకని ప్రశ్న వేయవచ్చును. వెల్స్ ప్రయోగమునకు కావలసినది కొంచెము దూది, బంగారు దుకాణమున వాడునట్టి చిన్న తక్కెడ, ఒక పలక. ఒకే బరువుగల దూది పింజలను మూడుచోట్ల, ఆరుబయట గడ్డిపైన, పలక క్రింద, చింతచెట్టు నీడన రాత్రంతయు ఉంచి తెల్లవారి తూచవలెను. మబ్బు పట్టిన రాత్రియు, తేటయైన రాత్రియు చేసి ఫలితములను పోల్చవలెను.

పక్షుల విషయమున మన దేశమున 2013 నుండి ప్రతి ఫిబ్రవరిలోను నాలుగు దినములు పెరటి పక్షుల లెక్కింపు జరుగుచున్నది. విద్యాలయములు తమ ఆవరణలోనే పాల్గొనవచ్చును. ఆ నాటికి సదుములో పొగమంచు ఉదయములు తగ్గి, మామిడి పూత నిండియుండును. గ్రీనిష్ వార్బ్లరు, గులాబి గోరింక ఇంకను ప్రయాణము కట్టియుండవు. పదునైదు నిమిషములు ఒకచోట నిలిచి, కనబడిన వానిని, వినబడిన వానిని వ్రాయుటయే పని. పేరు తెలియనిచో రంగు, కూత, కూర్చున్న చెట్టు పేరు వ్రాసిన సరిపోవును. తెల్లవారి ఏడు గంటలకు మొదలిడుట మంచిది. అంతకు ముందు లోయలో పొగమంచు విడదు, పిట్టలును ఈకలు ముడువవు.